కూసున్నాయన

మిట్ట మధ్యాహ్నం బండ్లకు లైట్లేసుకొని తిరిగిండ్రంటే ఎవలు నమ్ముతరు? నమ్మకుంటే మానుండ్రి. కువైట్ యుద్ధం అయిపోయిన ఎండకాలం సౌదిల ఖతీఫుల గట్లనే ఉండె. పైన కువైట్ దిక్కు నూనె బావులు కాలుతుంటే, ఆ పొగ సముద్రం పొంటి వచ్చి ఖర్జూరం తోటల మీద పడేది. ఉతికి ఆరేసిన లుంగీ గంటల నల్లగ మాసేది. ఉమ్మితే నలుపు, తుమ్మితే నలుపు. క్యాంపుల మనోళ్లు ఒకలి మొకం ఒకలు చూసుకొని నవ్వుకునేటోళ్లు, ఏం చేస్తరు మరి.

గా నల్లటి పగళ్లల్లనే రాజేశం కండ్లు మూసుకొని కూసునుడు నేర్చుకున్నడు. కోరుట్ల పక్క పల్లెటూరోడు, ముప్పై కూడ నిండలే. కట్టుడు పనిల మట్టి తవ్వేటోడు. నేర్పినాయన భోజన్న, మెట్‌పల్లి తాపీమేస్త్రి, నెత్తి నెరిసిన మనిషి. ఇంటికాడ అచల గురువు దగ్గర బోధ తీసుకున్నోడు. ఆ బోధల మొక్కులు లేవు, గుళ్లు లేవు. ఉన్నది బయలొక్కటే, అంటే ఏమీ లేని ఖాళీ; నేను, నువ్వు అనే ఎరుకంత ఒక కల, గంతే. పొద్దంత గోడలు కట్టి, పొద్దుమూకంగ కాళ్లు కడుక్కొని, రేకుల షెడ్డు ఎనుక చెట్ల మొదట్ల పోయి కూసునేటోడు.

"కాకా, నాకు సుత నేర్పరాదు?" అని రాజేశం ఒకనాడు అడిగిండు.

"ఏం నేర్పాలెరా?"

"గదే. రెండు లేవంటవు గద. ఉన్నది ఒక్కటే అంటవు గద. గది నాకు కావాలె."

భోజన్న పకపక నవ్విండు. "గది సిమెంటు కలిపినట్టు కలిపిస్తరనుకున్నవా? ఇల్లు యాదికొస్తే ఏడువు, ఏడ్సి పండుకో. గిదంత నీకెందుకు?"

రాజేశం నవ్వలేదు. "కాకా, నేను పండుకోక నెలలయితుంది" అన్నడు. ఆ మొకం చూసినంక ముసలాయనకు ఇగ నవ్వు రాలే. పక్కకు జరిగి జాగ ఇచ్చిండు.

ఉన్న మాట చెప్పాల్నంటే, రాజేశంకు మోక్షం అక్కెర లేకుండె. ఆయనకు కావల్సింది ఒక్కటే: తన ఎదురుంగ వచ్చి కూసుంటున్న రెండో మనిషి పోవాలె. కండ్లు మూస్తే చాలు, వచ్చేటోడు. మూరెడు దూరంల, కాళ్లు మడుచుకొని, చేతులు ఒళ్లె పెట్టుకొని కూసునేటోడు. మాట లేదు, కదులుడు లేదు. ఊపిరి మాత్రం తీసేటోడు. రెండు లేవని ముసలాయన అంటున్నడు గద, ఆ లెక్కన ఈ రెండోడు సుత ఉండొద్దు గద అని రాజేశం ఆశ. మునిగేటోనికి గడ్డిపోస దొరికినట్టు ఆ మాట పట్టుకున్నడు.

ఆ రెండోడు ఎవలో రాజేశంకు మంచిగ ఎరికే. భోజన్నకు మాత్రం చెప్పలేదు. ఎవలికీ చెప్పలేదు.

యుద్ధం మొదలైనప్పుడు రాజేశం హఫర్ అల్ బాతిన్ పట్నం బయట, ఎడారిల సిమెంటు ఇటుకలు పోసే జాగల ఉండె. సౌదికి వచ్చి ఏడాది కాలే. సైరన్లు మొదలుకాంగనే కఫీలు, అంటే పనికి పెట్టుకున్న సౌది సేటు, ఆలుబిడ్డలను బండిల ఏసుకొని రియాదుకు ఉరికిండు. పనోళ్లను ఇంకో బండి ఎక్కిచ్చి పంపిండు. "నువ్వుండు, మిషన్లు చూసుకో" అని రాజేశంను ఒక్కన్ని ఇడిసిపెట్టిండు. మనుషుల కన్న మిషన్లు ఎక్కువ గద వాళ్లకు! పాస్‌పోర్టు కఫీలు బీరువల ఉండె, ఏడికని పోతడు? తినేతందుకు బియ్యం, తాగేతందుకు ట్యాంకు నీళ్లు. మీదికెళ్లి ఇమానాలు పోతుంటే తడి తువ్వాల మొకానికి చుట్టుకొని ఇటుకల సందుల ఒరిగేటోడు.

ఒకనాడు తెల్లారంగ ట్యాంకు కాడ ఒక మనిషి కనవడ్డడు. మిలిట్రీ అంగీ ఉన్నది, బూట్లు లేవు. ఒక చేత్తోని కడుపు ఒత్తి పట్టుకున్నడు. ఏ దేశపోడో, ఏ దిక్కు కొట్లాడినోడో, అంగీ మీది గుర్తులన్ని పీకేసుకున్నడు. నీళ్లడిగిండు. రాజేశం గిలాసల తెచ్చి తాపిండు. రెండు గుటకలు మింగి, రాజేశం చెయ్యి పట్టుకొని అరబ్బీల ఏదో చెప్పిండు, ఆగకుంట చెప్పిండు. ఒక్క ముక్క సమజు కాలే. సమజైనట్టే తల ఊపిండు రాజేశం. ఇగ ఏం జేస్తడు? ఎండ ఎక్కకముందే ఆ చెయ్యి సల్లవడ్డది.

ఎవలికి చెప్పాలె? శుర్తా అంటే పోలీసు. వాళ్లొస్తే, "మిలిట్రోడు నీ దగ్గరికే ఎందుకొచ్చిండు, నువ్వెవలి మనిషివి" అని తననే గుంజుకపోతరు. గాలి దుమారం లేస్తున్నది, కుక్కలు తిరుగుతున్నయి. పార పట్టుకొని ట్యాంకు ఎనుక ఇసుక తవ్విండు. సాయిబులు సుత పూడుస్తరని ఆయనకు ఎరికే. ఎట్ల పూడుస్తరో ఎన్నడు చూడలే. మనోళ్లు పూడ్సినట్టే ఉంటది కావచ్చు అనుకున్నడు.

రాజేశం తండ్రి సుత బోధ తీసుకున్నోడే. కొడుకు ఆయన మాటలు ఎన్నడు చెవిన పెట్టలే గని, ఆయనను మట్టిల కలిపిన తీరు మాత్రం కండ్ల ముంగట ఉన్నది. బోధ తీసుకున్నోళ్లను కాలవెట్టరు. గుంతల బాసింపట్టు ఏపిచ్చి, కూసోవెట్టి, మొకం తూర్పుకు తిప్పి, ఉప్పు, విభూతి పోసి పూడుస్తరు. పండవెట్టి పూడ్సుడంటే పెద్దమనిషికి మర్యాద తక్కువ చేసినట్టు. దిక్కులేక సచ్చిన పరాయి మనిషికి రాజేశం తన తండ్రికి చేసిన మర్యాదే చేసిండు. కూసోవెట్టిండు. వంటకు దాసుకున్న ఉప్పు సంచి తెచ్చి గుమ్మరిచ్చిండు. గడ్డం జారుతుంటే ఇటుక పెళ్ల ఆసర పెట్టిండు. ఏడ్సుకుంట ఇసుక నింపిండు. మొకం మీద పోసే యాళ్లకు చూడలేక కండ్లు మూసుకున్నడు.

ఆ మూసిన కండ్లల్లనే ఆ సచ్చినాయన మొదటిసారి వచ్చి కూసున్నడు. కఫీలు తిరిగొచ్చి, ఆ జాగ అమ్ముకొని, రాజేశంను ఖతీఫుల కట్టుడు పనికి పంపితే, ఆ కూసున్నాయన ఎంబడే ఖతీఫుకు సుత వచ్చిండు.

భోజన్న నేర్పుడు సుత గోడ కట్టినట్టే, వరుస మీద వరుస.

"ఏం వినవడుతుందిరా?"

"జనరేటరు."

"ఆ సప్పుడు ఎరుకైతున్నది ఎవలికి?"

"నాకు."

"ఆ నాకు అనేటోడు ఏడున్నడు? చూడు. చూసి చెప్పు."

రాజేశం లోపట ఎతికేటోడు. తలకాయల చూసేటోడు, గుండెల చూసేటోడు. "దొరుకుతలేడు కాకా."

"మంచిది. దొరకకుంట పోనీ. దొరికిండంటే గదే మోసం."

రోజూ గిదే పని. తలకాయ నొచ్చేది, కాళ్లు తిమ్మిరెక్కేటియి. మొదట్ల కోపమొచ్చేది, "గీ ముసలోడు నన్ను ఆటాడిస్తున్నడు" అనుకునేటోడు. కొన్ని దినాలకు ఒక సంగతి మొదలైంది. మట్టి తవ్వుతుంటే పార, పార పట్టిన చెయ్యి, చెయ్యిని చూసేటోడు, అన్నీ ఒక్క తీరుగనే అవుపడేటియి. సప్పుడు బయట ఉన్నదా లోపట ఉన్నదా తెలిసేది కాదు. మసి ఆకాశం మీద ఉన్నట్టు కాకుంట, తన లోపట్నే పరుచుకున్నట్టు ఉండేది. అబ్బ, ఎంత సుఖముండె! ఇంక జరంత అయితే నేను అనేటోడు కరిగిపోతడు అనంగ, ఎదురుంగ ఊపిరి వినవడేది. లోకమంత కరిగేది. ఆ ఒక్కడు కరగకపోయేటోడు.

"నువ్వు లేవు" అని రాజేశం లోపట్నే మొత్తుకునేటోడు. "బయలొక్కటే ఉన్నది. నువ్వు లేవు, పో." ఆయన పోకపోయేటోడు. పైపెచ్చు, రాజేశం ఎంత మంచిగ కూసుంటే ఆయన అంత సాఫ్ కనవడేటోడు.

ఒకనాడు ఓర్సుకోలేక సగం చెప్పిండు. "కాకా, నేను కూసున్నప్పుడు ఎదురుంగ ఒకాయన వచ్చి కూసుంటున్నడు."

"ఎట్ల కూసుంటున్నడు?"

"బాసింపట్టు ఏసుకొని. చేతులు ఒళ్లె పెట్టుకొని."

భోజన్న మొకం ఎలిగిపోయింది. "ఒంటి మీద ఏమన్న తెల్లగ కనవడుతుందా?"

రాజేశంకు ఉప్పు యాదికొచ్చింది. "ఆ. తెల్లగనే ఉంటది" అన్నడు.

"విభూతిరా! అరే, గురువురా! సమాధిల కూసున్న గురువు నీకు అగుపిస్తున్నడురా! నేను బోధ తీసుకొని ఇన్నేండ్లాయె, నాకు కలల సుత రాకపాయె!" ముసలాయన రెండు చేతులెత్తి మొక్కిండు, రాజేశం ఎదురుంగ ఉన్న ఖాళీ జాగకు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి ఆయనకు.

ఇగ చూడుండ్రి క్యాంపుల తమాష. "రాజేశం గురువా, నాకు ఇంటికి పోయే ఎగ్జిట్ కాగితం ఎప్పుడొస్తదో జర అడుగరాదు" అని ఒకడు, "మా కఫీలుకు బుద్ధి రావాల్నని చెప్పు" అని ఇంకొకడు. భోజన్న మాత్రం తమాష పట్టలే. రోజూ ఆ ఖాళీ జాగ ఊడ్సి, ఒక ఖర్జూరపండు పెట్టి, మొక్కి, అప్పుడు కూసునేటోడు. తను పూడ్సిన పీనుగుకు ముసలాయన మొక్కుతుంటే రాజేశం మొకం పక్కకు తిప్పుకునేటోడు. చెప్దామంటే నోరు లేవకపోయేది. ఒక్క అబద్ధం ఆడలే ఆయన, గని ఆడిన దానికన్న ఎక్కువైంది.

క్యాంపుకు నీళ్ల ట్యాంకరు తెచ్చే డ్రైవరు మహబూబ్ సుభాని. కడప దిక్కు మనిషి, ఎక్కడ చాయ ఉంటే అక్కడ ఆగే మనిషి. ఆయన చెవిల సుత ఈ ముచ్చట పడ్డది. చలి మొదలై పొగ ఇరిగిపోతున్న దినాలు. పొద్దుగూకంగ పైపు ఏసి, చాయ గిలాస పట్టుకొని చెట్ల కాడికి వచ్చిండు.

"ఏందప్పా రాజేశం, నీకు సామి కనపడతాండాడంట? కూర్చున్నట్టే కనపడతాడా, సమాధి అంటే?"

భోజన్న ఉషారుగ చెప్పవట్టిండు. బోధ తీసుకున్నోళ్లను ఎట్ల కూసోవెడుతరో, ఎటు తిప్పుతరో, ఏం పోస్తరో అన్ని చెప్పి, "మీరు సుత పూడుస్తరు గద, మీకెరికె ఉంటది" అన్నడు.

"మా పద్ధతి వేరే పెద్దాయనా. మాకు కూర్చోబెట్టేది లేదు. కుడిపక్కకు పడుకోబెడతాము, మొగం కిబ్లాకు, అంటే మక్కా దిక్కుకు తిప్పి. మా అబ్బను ఖబర్లోకి నేనే దించినా, ఈ చేతుల్తో. చెంప మట్టికి ఆనించి, ఇంగ పడుకో నాయనా అని చెప్పి పైకొచ్చినా."

"కూసోవెడితే ఏమైతది?" రాజేశం అడిగిండు.

"ఎవురు కూర్చోబెడతారప్పా? బతికినన్నాళ్లూ మనిషి పడుకునేది ఎంత సేపు? సచ్చినాకన్నా పడుకోనీయాల గదా."

మక్కా ఆ ఇటుకల జాగకు పడమటి దిక్కు. రాజేశం ఆ సచ్చినాయన మొకం తూర్పుకు తిప్పిండు. అంటే ఈపు మక్కాకు పెట్టి, లేవరాకుంట, ఒరగరాకుంట, గడ్డానికి ఇటుక ఆసర పెట్టి మరీ కూసోవెట్టిండు. ఎంత ప్రేమతోని చేసిండో అంత పొరపాటు చేసిండు. "అయ్యో, అయ్యో" అని రొమ్ము గుద్దుకుంట మట్టిల కూలవడ్డడు. ఒక్క గుక్కల అంత చెప్పిండు. నీళ్లు తాపింది, చెయ్యి సల్లవడ్డది, ఉప్పు పోసింది, అంత.

సుభాని తోబా తోబా అని చెంపలేసుకున్నడు గని తిట్టలే. భోజన్న తను ఊడ్సిన ఆ ఖాళీ జాగ దిక్కే చూసుకుంట కూసున్నడు.

"కాకా, నువ్వే చెప్పితివి గద, రెండు లేవని" రాజేశం ఏడ్సుకుంట అడిగిండు. "ఆయన లేడంటివి గద! మరెందుకు పోతలేడు?"

"లేడనే చెప్పిన. నువ్వు లేవని సుత చెప్పిన" భోజన్న గొంతు గట్టిపడ్డది. "నువ్వేం చేస్తివి? నీ మటుకు నువ్వుండుకుంట, వాన్ని ఒక్కన్నే లేకుంట చెయ్యజూస్తివి. గది బోధ కాదు బిడ్డా, దొంగతనం. ఒక్కటే అయితే, ఆడ ఇసుకల తిమ్మిరెక్కిన కాళ్లు ఎవలియి?" జరసేపటికి ముసలాయన గొంతు మెత్తవడ్డది. "నేను సుత తక్కువోన్ని కాదు. అడుగకుంట మొక్కితి. పా, పోయి పండవెడదాం."

శుక్రవారం సుభాని హఫర్ దిక్కు పోయేది ఉండె. ఖతీఫు దాటాల్నంటే కఫీలు కాగితం ఉండాలె, ఇద్దరి దగ్గర లేదు. "హెల్పర్లని చెప్తాలే. పట్టుకుంటే ముగ్గురం లోపలుంటాం, తోడుగా ఉంటది" అన్నడు సుభాని. సీటు కింద రెండు పారలు పెట్టుకున్నరు. దారిల చెక్‌పోస్టు కాడ పోలీసు లోపటికి తొంగి చూసి, ఏమనుకున్నడో, పొమ్మన్నడు. రాజేశంకు పానం అరచేతులకొచ్చి పోయింది.

జుమ్మా నమాజు అయినంక చేరిండ్రు. చూస్తే ఏమున్నది? ఇటుకల జాగ లేదు. ఆ జాగల పెద్ద రేకుల గోదాం లేసింది, గొర్లకేసే బార్లీ బస్తాలు కప్పు దాక పేర్చి ఉన్నయి. బంగ్లాదేశ్ కావలాయనకు సుభాని హిందీల ఏదో నచ్చజెప్పి లోపటికి తోలిండు. బయట ఎన్కటి ట్యాంకు నింపిన బోరు పైపు ఒక్కటే పాతది మిగిలింది. దాన్ని పట్టుకొని రాజేశం జాగ గుర్తుపట్టిండు. గోడ దాటి లోపటికి నడిచి, బస్తాల వరుసల నడుమ ఆగి, కాలు కింద చూపిచ్చిండు. కింద సిమెంటు. నున్నగ, గట్టిగ.

భోజన్న మోకాళ్ల మీద కూసోని ఏలి మడతలతోని కొట్టి చూసిండు, ఒక్క కాడ కాదు, నాలుగు కాడ్ల. లేచి తల అడ్డంగ ఊపిండు. "మందంగ పోసిండ్రు. ఇనుము సుత ఏసిండ్రు. మిషన్ లేకుంట పలగదు బిడ్డా."

పార రాజేశం చేతులకెళ్లి జారింది. కిందవడి సిమెంటును గోర్లతోని గీకిండు. "నాకు నిద్ర లేదని ఏడుస్తి, నీ నిద్ర నేనే గుంజుకుంటి" అని మొత్తుకున్నడు. ముసలాయన పట్టి లేపవోతే లేవలే. ఏడ్సి ఏడ్సి, ఒక్కసారి ఊకున్నడు. ఏదో వినవడ్డట్టు తల ఎత్తిండు.

"సుభానన్నా, కిబ్లా ఎటు దిక్కు?"

సుభాని బస్తాల వరుస చివరికి చెయ్యి చూపిచ్చిండు. రాజేశం చెప్పులు ఇడిసిండు. ఆ సిమెంటు మీద కుడిపక్కకు ఒరిగి, కాళ్లు చాపి, చెంప నేలకు ఆనిచ్చి, మొకం అటు తిప్పి పండుకున్నడు.

"ఆయనను తిప్పరాదాయె. నేనే తిరుగుత. సదువన్నా."

"బతికుండే వాని మీద జనాజా నమాజు చదివేది తప్పప్పా! లెయ్, లెయ్!"

"నా మీద కాదు. ఆయన మీద సదువు."

"ఇద్దరూ ఒకే తావున ఉంటే నేను ఎట్ల ఏరేది?" అని సుభాని కసిరిండు. భోజన్న దిక్కు చూసిండు. ఇగ సుభాని ట్యాంకరు నీళ్లతోని కాళ్లు చేతులు కడిగి వజూ చేసి వచ్చి, రుమాలు నెత్తికి కట్టుకొని, పండుకున్నాయన ఎనుక నిలబడి చేతులు కట్టుకున్నడు.

సిమెంటు సల్లగ ఉండె. రాజేశం కండ్లు మూసుకోలే, తెరిచే ఉన్నడు. బార్లీ వాసన, బస్తాల మీద దుమ్ము, ఎనుకకెళ్లి సన్నగ సుభాని సదువుడు. మోకాళ్లల్ల ఏదో ఇప్పుకుంటున్నది. ఎన్నాళ్ల సందో మడిచి పెట్టిన కాళ్లు చాపినట్టు, మెడ కింది ఆసర తీసినట్టు, ఒళ్లు నేలకు దిగినట్టు. గది ఎవలికైతున్నదో చూద్దామన్న ఆలోచన ఎత్తుకోలే. చూసేతందుకు ఎవలన్న మిగిలితే గద. కింద ఉన్నది, పైన ఉన్నది, నడుమ సిమెంటు, ఏదీ వేరే తీరు లేదు. సుఖం అనేతందుకు లేదు, భయం అనేతందుకు లేదు. పండుకునుడు ఒక్కటే ఉన్నది.

సదువుడు అయిపోయింది. "రాజేశమా, లెయ్ ఇంగ. కావలాయన చూస్తాండాడు" అని సుభాని పిలిచిండు. ఉలుకు లేదు, పలుకు లేదు. భోజన్న వంగి భుజం కదిలిచ్చిండు. కండ్లు ముసలాయన దిక్కు తిరిగినయి గని, గుర్తుపట్టినట్టు లేవు. ఇద్దరు చెరో రెక్క పట్టి లేపి నిలబెట్టిండ్రు.

"పోయిండా బిడ్డా? ఎదురుంగ కూసునేటాయన పోయిండా?"

"ఎదురుంగ ఎవలు లేరు కాకా."

"సచ్చి బతికితివి, పా."

"ఇటు దిక్కు సుత ఎవలు లేరు" అన్నడాయన, మెల్లగ, తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకొని.

ఇన్నేండ్లు ఏ మాట కోసం కండ్లు మూసుకొని కూసున్నడో, ఆ మాట భోజన్న ఎదుటి మనిషి నోట్ల విన్నడు. సంబురపడాలె గద, పడలేకపోయిండు. పిల్లలను జాతరల పట్టుకున్నట్టు ఆ చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. బండి దాక ఇడువలే. పట్టుకొని నడిపిస్తున్నది రాజేశంనా, లేకపోతే తను రోజు ఖర్జూరం పెట్టి మొక్కినాయననా, తిరిగి మొకం చూసేతందుకు ముసలాయనకు ధైర్యం చాలలే.